ఉప్పు తూకం, నవంబర్ ఎండ: పెరటి టమాటా నిల్వలో ఒక కేసు

అనంతపురం జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఊరగాయలు, ఒరుగులు, పొడులు చెడకుండా నిల్వ చేయడం నేర్పించడం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఏమిటంటే, ఒకే ఇంట్లో ఒకే సీజన్‌లో మూడు రకాల నిల్వలు పారబోయాల్సి వచ్చింది, ఇంట్లోవాళ్లు మూడింటికీ కలిపి ఒకే కారణం చెప్పారు, తీరా చూస్తే మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు తేలాయి. ఊరు, మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. తూకాలు, పద్ధతులు ఉన్నవి ఉన్నట్టే.

ఇల్లు, పెరడు

మండల కేంద్రం అంచున మిద్దె ఇల్లు. వెనకాల దాదాపు 6 సెంట్ల పెరడు, బోరు నీళ్లు. ఇంట్లో పెద్దామె, కొడుకు, కోడలు, బడికి పోయే పిల్లలు. కొడుకుకు బీపీ, మాత్ర వేసుకుంటాడు, ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పాడు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, కేసులో సగం దీని మీదే తిరుగుతుంది.

పెరట్లో టమాటా, మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు), మిరప, వంగ, కంచె పొడవునా అనప (అనుములు) తీగ, మూలన ఒక నిమ్మచెట్టు. ఆగస్టులో నారు నాటిన టమాటా నవంబర్‌కు ఒక్కసారిగా విరగకాసింది. అమ్ముదామంటే అప్పుడే ఊరంతా టమాటా, మార్కెట్లో బాక్సుకు వచ్చేది కోత కూలికి కూడా చాలదు. అదే టమాటా ఎండాకాలం దాటాక కొనాలంటే ఎంతవుతుందో 2023 జులైలో అందరం చూశాం, చాలా ఊళ్లలో కిలో 200 దాకా పోయింది. కాబట్టి చలికాలం కాపును ఎండాకాలం చివరిదాకా దాచుకోవాలన్న కోడలి ఆలోచనలో తప్పేమీ లేదు, మంచి ఆలోచన.

ఇబ్బంది ఎక్కడంటే, మాది కరువు జిల్లా, ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, ఏ నెలలో అయినా ఎండకు కొదవుండదని మేమే నమ్ముతాం. కానీ ఉన్న కాస్త వానలో మంచి భాగం అక్టోబర్, నవంబర్‌లలోనే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ముసురు. 2021 నవంబర్‌లో కడప వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వానలు ఎవరూ మరచిపోలేదు. అంటే పెరడు విరగకాసే నెలా, మిద్దె మీద ఎండ నమ్మలేని నెలా ఒకటే. ముసురు వెళ్లి సంక్రాంతి వచ్చేసరికి ఆకాశం తేటపడి గాలి పొడిబారుతుంది. అప్పటికి మొదటి కాపు చేజారి ఉంటుంది.

వాళ్లు చెప్పిన సమస్య

సంఘం మీటింగ్ అయ్యాక కోడలు పక్కకు పిలిచి చెప్పింది. ఐదు కిలోల టమాటా ఊరగాయ పొంగి పోయింది. టమాటా ఒరుగులు బూజు పట్టాయి. ఫోన్‌లో వీడియో చూసి ప్రెషర్ కుక్కర్‌లో మటిక్కాయలు సీసాలకు పట్టింది, అవి మాత్రం బాగానే ఉన్నాయి, కానీ అత్త వాటిని కూడా ముట్టనివ్వడం లేదు.

ఎందుకు ముట్టనివ్వడం లేదో ఇంటికి వెళ్తే తెలిసింది. పెద్దామె నా ముందే అనేసింది: "అది బయట ఉన్నప్పుడు జాడీ దగ్గరికి పోయిందమ్మా. ఇంకెట్ల నిలుస్తుంది?" కోడలు తల దించుకుని స్టవ్ తుడుస్తా ఉంది. ఇలాంటి మాట ఈ పనిలో నాకు కొత్త కాదు. ఊరగాయ చెడితే ముట్టు మీదికి తోసేయడం మా వైపు చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. ఆ నింద మోసేది ఎప్పుడూ ఇంట్లో వయసులో చిన్నదైన ఆడమనిషే.

అక్కడికక్కడ వాదించకూడదని నిర్ణయించుకున్నాను. నేను గెలిచినా వెళ్లిపోతాను, కోడలు ఆ ఇంట్లోనే ఉండాలి. పైగా వాదనతో ఎవరి నమ్మకం మారడం నేను చూడలేదు. జాడీ తెరవమన్నాను.

మూత తీయగానే బుస్సుమని గాలి. జాడీ గోడ పట్టుకుని సన్న బుడగలు పైకి పాకుతున్నాయి. పైన ముడతలు పడ్డ తెల్లటి పొర, పక్కకు నెడితే కింద ఊట ఎర్రగానే ఉంది, ముక్కలు మెత్తబడి తొక్క విడిపోతోంది. వాసన రెండు రోజులు మరచిపోయిన దోసె పిండిలా పుల్లగా ఉంది. కుళ్లు కంపు లేదు. ఈ తేడా ముఖ్యం. కుళ్లు వేరు, పులుపు వేరు. ఇది పులిసింది, అంటే ఉప్పు పులియడాన్ని ఆపేంత లేదు. తెల్ల పొర గాలి తగిలే పైభాగంలో పెరిగే ఈస్టు. నూనె ముక్కల కంటే కిందికి దిగిపోయి ఉంది కాబట్టి దానికి చోటు దొరికింది.

ఒరుగుల డబ్బా సంగతి వేరు. ముక్కలు పైకి గలగలమనేంత గట్టిగా ఉన్నాయి. ఒకటి తీసి చింపితే లోపల గింజలుండే గదిలో జిగురు, ఆ జిగురు అంచునే నల్లపచ్చ చుక్కలు. ముసురు మధ్యలో తెరిపి ఇచ్చినప్పుడల్లా మిద్దె మీద ఆరబెట్టి, వాన చినుకు పడగానే పరుగున లోపలికి తెచ్చి, ఒకరోజు ఎండ బాగా కాసేసరికి అయిపోయాయనుకుని సాయంత్రం వెచ్చగా ఉండగానే స్టీలు డబ్బాలో పోసి మూత బిగించారు. పైన తోలు కట్టి లోపల తడి మిగిలిపోయింది. మూత వేశాక ఆ తడి డబ్బా అంతా సమంగా పంచుకుంది. వెచ్చదనం చల్లారేటప్పుడు మూత కింద పట్టిన చెమట వీటికి తోడు.

ముందు పారబోయాల్సింది

అందరూ బాగున్నాయని చెప్పిన మటిక్కాయల సీసాలే నాకు ఎక్కువ భయం పుట్టించాయి. నీళ్లు తేటగా ఉన్నాయి, కాయలు పచ్చగా ఉన్నాయి, మూత లోపలికి పీల్చుకుని గట్టిగా బిగుసుకుంది. చూడ్డానికి కంపెనీ సరుకే.

ఇక్కడ నా లెక్క ఇది. సీసాలో గాలి లేనప్పుడు పెరిగే బాక్టీరియా ఒకటుంది, క్లాస్ట్రిడియం బొటులినం. మట్టిలో ఉంటుంది, పెరటి కాయల మీద ఉందనే అనుకోవాలి. దాని విత్తు లాంటి రూపం 100 డిగ్రీల మరుగునీళ్లలో గంటలు ఉడికినా చావదు. ఇలా సీసాకు పట్టినప్పుడు దాన్ని ఆపేవి రెండే: పులుపు లేదా ఆవిరి ఒత్తిడిలో వచ్చే 121 డిగ్రీల వేడి, అదీ సరిపడా సేపు. పులుపు లెక్క పీహెచ్ 4.6. అంతకంటే తక్కువుంటే, అంటే పులుపు ఎక్కువుంటే, అది మొలకెత్తదు. మటిక్కాయ, బీన్స్ లాంటి కూరగాయలు 5 పైనే ఉంటాయి. కుక్కర్ కూడా 120 దాకా పోతుంది కదా అని కోడలు అడిగింది, మంచి ప్రశ్న. పోతుంది. కానీ ఎంతసేపు పెడితే సీసా నడిమధ్య కాయకు ఆ వేడి తగులుతుందో లెక్కలు వేసినవి మీటర్ ఉన్న పెద్ద క్యానర్లకు (సీసాలకు పట్టేందుకే చేసిన ప్రెషర్ పాత్రలు). నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారే ఆ సమయాన్ని కూడా లెక్కలో కలిపారు. మన ఇంటి కుక్కర్ గబాల్న ఎక్కి గబాల్న దిగుతుంది. దానికి విజిల్స్ లెక్క ఎవరూ పరీక్షించి ఇవ్వలేదు. ఆ బాక్టీరియా వదిలే విషానికి వాసన ఉండదు, రుచి ఉండదు, ఒక్క ముక్క చాలు.

కాబట్టి రుచి కూడా చూడకుండా పారబోయాలన్నాను. ఇంట్లో ఇదే పెద్ద గొడవైంది. "పోనీ ఎనుముకు పెడతాం" అంది పెద్దామె. వద్దన్నాను, పశువులకూ ఆ జబ్బు వస్తుంది. పెరటి చివర, కుక్కలు తవ్వనంత లోతున గుంత తీసి సీసాలతో సహా పూడ్చారు. కోడలు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెడిన వాటికి ఏడవలేదు, బాగున్నట్టు కనబడ్డవి పారబోయడానికి ఏడ్చింది. ఆమె బాధ నాకు అర్థమైంది, కానీ ఇందులో మొహమాటానికి చోటు లేదు.

ఉప్పు లెక్క

ఊరగాయకు ఉప్పు ఎంత వేశావంటే కోడలు ఒక గిన్నె చూపించింది. అదే గిన్నెతో, అదే ప్యాకెట్ ఉప్పు కొలిచి కిచెన్ స్కేలు మీద పెడితే 350 గ్రాములు. ఐదు కిలోల టమాటాకు. "ఆయనకు బీపీ కదా మేడం, అందుకే తగ్గించినా."

తర్వాత పెద్దామెను అడిగాను, మీరైతే ఐదు కిలోలకు ఎంత వేస్తారు పెద్దమ్మా అని. ఆమె గిన్నె ముట్టుకోలేదు. కల్లుప్పు డబ్బా తెచ్చుకుని పిడికిలి తర్వాత పిడికిలి స్కేలు మీద పళ్లెంలో వేసి, ఒకచోట ఆగి, కొంచెం వెనక్కి తీసి, ఇంతే అంది. 600 గ్రాములకు అటూ ఇటూ. ఇంకోసారి వేయమన్నాను. మళ్లీ దాదాపు అంతే. ఆమె చేతికి తూకం తెలుసు. ఈ సంగతి ఆమెకు చెప్పాను, గట్టిగా, కోడలి ముందే.

ఇప్పుడు లెక్క చూడండి. ఊరగాయ నిలవాలంటే 15 నుంచి 20 శాతం ఉప్పు ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే సూత్రం. ఐదు కిలోల పచ్చి టమాటాకు 600 గ్రాములంటే పదకొండు శాతం కూడా లేదు. మరి పెద్దామె ఊరగాయలు ఇన్నేళ్లూ ఎట్లా నిలిచాయి? ఎండ వల్ల. టమాటాలో వందకు 94 పాళ్లు నీళ్లే. ఉప్పులో ఊరబెట్టి, ముక్కలు పిండి మిద్దె మీద ఎండబెట్టి, ఊటను కూడా ఎండలో పెట్టి, మళ్లీ అందులోనే కలిపేసరికి ఐదున్నర కిలోలు మూడు కిలోలకు దిగుతుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. పదకొండు శాతం ఇరవైకి చేరుతుంది. చింతపండు, కారం, మెంతిపొడి, నూనె కలిశాక కూడా పదిహేను దగ్గర నిలుస్తుంది. అంటే ఆమె వంటలో సగం ఉప్పు పని ఎండ చేస్తోంది.

కోడలు వేసిన 350 గ్రాములు, నవంబర్ ముసురులో ఎండ లేకుండా, ఆరున్నర శాతం. ఆ మోతాదులో పులుపు బాక్టీరియా హాయిగా బతుకుతుంది, దోసకాయలు, క్యాబేజీ పులియబెట్టేవాళ్లు కావాలనే అంతకంటే తక్కువ మోతాదు వాడతారు. ఉప్పు తగ్గడం ఒక దెబ్బ, ఎండ లేకపోవడం రెండో దెబ్బ. ఏదో ఒకటే అయ్యుంటే బహుశా కొన్నాళ్లు లాక్కొచ్చేది.

"మేము శివరాత్రి పోతేగాని జాడీ దింపం" అని పెద్దామె అప్పుడు అంది. అడక్కపోతే చెప్పేది కాదు. ఆమెకు శాతాలు తెలియవు, కానీ ఆమె నియమంలో ఎండ లెక్క దాగుంది. కోడలికి ఆ నియమం ఎవరూ చెప్పలేదు. ఆమెకు చెప్పింది ముట్టుకోవద్దని మాత్రమే.

రెండు జాడీలు

నింద సంగతి తేల్చకుండా టెక్నిక్ మాత్రం నేర్పించి వచ్చేయొచ్చు. కానీ మళ్లీ ఏది చెడినా నింద అక్కడికే పోతుందని నాకు తెలుసు, అప్పుడు అసలు కారణం వెతికేవాళ్లే ఉండరు. కాబట్టి చిన్న పరీక్ష పెట్టాం. కోడలు తనంతట తానే "ఆ రోజుల్లోనే కలుపుతా, చూద్దాం" అంది. వద్దన్నాను. ఆమె ఒంటి సంగతిని ఇంటిల్లిపాదీ ముందు పందెంగా పెట్టడం నాకు ఇష్టం లేదు, దాని అవసరమూ లేదు. చేయి ఒకటే, రోజు ఒకటే, టమాటా ఒకటే ఉండి, ఉప్పు ఒక్కటే తేడా ఉంటే, ఫలితంలో వచ్చే తేడాను చేతి మీదికి ఎవరూ తోయలేరు.

రెండు గాజు జాడీలు కడిగి, వేడినీళ్లు పోసి, బోర్లించి బాగా ఆరనిచ్చాం. ఒక్కోదాంట్లో కిలో ముక్కలు, చింతపండు సమానంగా. ఒకదాంట్లో 70 గ్రాముల ఉప్పు, ఇంకోదాంట్లో 200. రెండూ కోడలి చేతే కలిపించి, వంటింటి మూలన పక్కపక్కనే పెట్టాం. ఎండ ఊసే లేదు.

వారం తిరగకముందే తక్కువ ఉప్పు జాడీ బుడగలు కట్టింది. రెండోది కదల్లేదు. నాకు ఫోన్ చేసి చెప్పింది కోడలు కాదు, బడికి పోయే పిల్లాడు.

200 గ్రాముల ఉప్పు ఊరగాయగా తినలేం, అది తెలిసే పెట్టాం. దాన్ని ఎండ వచ్చేదాకా టమాటాను ఆపి ఉంచే గోదాము అనుకోండి. మిగిలిన కాపులో కొంత అదే కొలతతో పెద్ద జాడీకి ఎత్తారు. మరి ఆ ఉప్పును తర్వాత ఎట్లా దించాలన్న ప్రశ్నకు పరిష్కారం పెద్దామె చెప్పింది: ఎండలొచ్చాక ఉప్పు లేని ఒరుగులు చేసి ఇందులో కలిపితే సరి. లెక్క వేస్తే చక్కగా కుదిరింది. కిలో టమాటాకు 200 ఉప్పున్న ముక్కలకు, మరో కిలో టమాటా నుంచి వచ్చిన చప్పిడి ఒరుగులు కలిపితే రెండు కిలోలకు 200 గ్రాములు, అంటే ఐదు కిలోలకు 500. ఆమె 600కు దగ్గర్లోనే. మిగతా తేడా రుచి చూసి సరిచేసుకోవచ్చు.

పనిచేయనివి

ఎండ లేనప్పుడు ఆరబెట్టే దారులు రెండు ప్రయత్నించాం. హాల్లో చాప వేసి, పాత నూలు చీర పరిచి, ముక్కలు ఫ్యాన్ కింద పెట్టడం ఒకటి. ఖర్చు లేదు కాబట్టి ముందు ఇదే చూశాం. గాలిలోనే తేమ నిండి ఉంటే ఫ్యాన్ ఆ తేమనే అటూ ఇటూ తిప్పుతుంది. మర్నాటికి ముక్కలు జారుడుగా తయారై పుల్లటి వాసన వేశాయి. ఇదే ముక్కలు ఎండాకాలంలో ఫ్యాన్ కింద ఆరతాయి, అదీ సంగతి.

రెండోది అద్దం మూత ఉన్న సోలార్ పెట్టె, ఒక సంఘం దగ్గర అడిగి తెచ్చాం. మబ్బు పట్టిన పూట లోపల వేడి పుట్టదు, ముక్కల నుంచి వచ్చిన ఆవిరి అద్దం లోపలి వైపు చుక్కలై తిరిగి ముక్కల మీదే కారింది. పెట్టె మంచిదే. జనవరిలో అదే పెట్టె అద్భుతంగా పనిచేసింది. నవంబర్‌లో దాన్ని కొనిపించే ఏ పథకమైనా డబ్బు దండగ అని మాత్రం చెప్పగలను.

ఫ్రిజ్ గురించి కూడా అడిగారు. పైన ఉండే చిన్న ఫ్రీజర్ అరలో ఎంత పడుతుంది, కరెంటు పోతే ఏమవుతుంది అని వాళ్లే లెక్కేసుకుని వదిలేశారు.

నిలిచినవి

ముసురు రోజుల్లో చేతికొచ్చిన పండు టమాటాలో ఉప్పు జాడీకి పోగా మిగిలింది గుజ్జు చేసి సీసాలకు పట్టించాను. మటిక్కాయలు వద్దని పూడ్పించి టమాటాకు ఒప్పుకున్నానేమని కోడలు నిలదీసింది. తేడా పులుపే. టమాటా పీహెచ్ 4.6 గీతకు అటూ ఇటూ ఊగుతుంది, రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి. కొంచెం పులుపు కలిపితే గీత కిందికి ఖాయంగా దిగుతుంది, అప్పుడు మామూలు మరుగునీళ్లు చాలు. పెరట్లో నిమ్మచెట్టు ఉండగా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కొనడమెందుకని పెద్దామె అంది. చెట్టు నిమ్మకాయ పులుపు కాయకూ కాయకూ మారుతుంది, ఇక్కడ మనకు కావలసింది మారని పులుపు. లీటరు గుజ్జుకు అర టీస్పూను నిమ్మ ఉప్పు, అంటే అర లీటరు సీసాకు పావు టీస్పూను. మామూలు ఉప్పు చిటికెడు కూడా అక్కర్లేదు, ఇక్కడ కాపాడేది ఉప్పు కాదు. బీపీ ఉన్న ఇంటికి ఇంతకంటే ఏం కావాలి.

పగిలినవి, దెబ్బతిన్నవి, మెత్తబడి నీరు కారేవి పక్కన పెట్టేశాం, కుళ్లడం మొదలైన పండులో పులుపు తగ్గిపోతుంది. గుజ్జు ఉడుకుతుండగానే వేడి సీసాల్లో పోసి, కొత్త మూతలు బిగించి, అడుగున బట్ట వేసిన గిన్నెలో సీసా మీదికి నీళ్లు వచ్చేలా ముంచి, నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి 40 నిమిషాలు. పుస్తకాల్లో అర లీటరుకు 35 అని ఉంటుంది, అది సముద్రమట్టానికి 300 మీటర్ల లోపు ఊళ్లకు. అనంతపురం అంతకంటే కొంచెం ఎత్తులో ఉంది, ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు కాస్త తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఐదు నిమిషాలు ఎక్కువ. చల్లారాక మూత నడుమ వేలితో నొక్కితే టక్కుమని కదిలిన సీసా ఒకటి వచ్చింది, దాన్ని ఆ పూటే పప్పులో వేసుకున్నారు.

సంక్రాంతి దాటాక రెండో కాపు వచ్చింది. అప్పుడు మిద్దె మీదికెక్కాం. వేలి మందాన చక్రాలుగా కోసి, గింజల గది తెరిచి, వెదురు చాప మీద నూలు బట్ట పరిచి ఆరబెట్టారు. ప్లాస్టిక్ పట్టా వద్దన్నాను, కింది వైపు చెమట పడుతుంది. పైన పాత దోమతెర. చీకటి పడకముందే లోపలికి తేవాలన్నది నేను గట్టిగా పట్టుబట్టిన విషయం, మాఘమాసపు మంచుకు పగలంతా ఎండిన ముక్క తెల్లారేసరికి మళ్లీ మెత్తబడుతుంది. ఇక అయిందా లేదా అన్న పరీక్ష: ముక్కను నీడలో పూర్తిగా చల్లారనిచ్చి వంచాలి. వేడి మీద ఉన్న ముక్క చేతికి అబద్ధం చెబుతుంది. చల్లారాక పుటుక్కున విరగాలి, లోపల జిగురు కనబడకూడదు. పది కిలోలకు ఆరేడు వందల గ్రాములు వస్తే ఎండినట్టు, కిలో పైన తూగితే ఇంకా నీళ్లున్నట్టే.

అయినా నేరుగా దాచలేదు. గాజు సీసాలో ముప్పాతిక వంతు నింపి, వారం రోజులు ప్రతి ఉదయం ఒకసారి కుదిపి, గోడకు చెమట పట్టిందా అని చూడటం. ఒక సీసాలో పట్టింది, మళ్లీ ఒకరోజు ఎండలో పెట్టి సరిచేశారు. నవంబర్‌లో ఆ ఒక్క వారం ఆగి ఉంటే డబ్బాకు బూజు పట్టేదే కాదు. మటిక్కాయలు కూడా అలాగే, మూడు నిమిషాలు మరుగునీళ్లలో వేసి తీసి, కొన్ని చప్పిడివి కొడుకు కోసం, మిగతావి ఉప్పు మజ్జిగలో నానబెట్టి పెద్దామె పద్ధతిలో.

ఊరగాయ శివరాత్రి పోయాక పెద్దామె చేత్తోనే కలిపింది. జాడీకి ఎత్తింది మాత్రం కోడలు. అత్త పక్కన నిలబడి నూనె వేలెడు పైకి తేలేదాకా పోయించింది. ముట్టు సంగతి తన నోటితో వెనక్కి తీసుకోలేదు, నేను అడగనూ లేదు. "ఈ తూరి ఉప్పు బాగా పడింది" అని మాత్రం అంది.

కొన్ని ఆలోచనలు

బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో ఊరగాయలో ఉప్పు తగ్గించడం ఇప్పుడు చాలా మామూలైంది, సంఘాల్లో రోజూ వింటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. పదిహేను శాతం ఉప్పున్న ఊరగాయ ఒక స్పూను, అంటే 15 గ్రాములు, అందులోనే రెండు గ్రాములకు పైన ఉప్పు. కాబట్టి భయం సరైనదే, మందు తప్పు. జాడీలో ఉప్పు తగ్గిస్తే జాడీ చెడుతుంది, తగ్గించాల్సింది కంచంలో. ఆ ఇంటాయన ఇప్పుడు ఊరగాయ పండగలకే ముట్టుకుంటాడట, మిగతా రోజుల్లో చప్పిడి ఒరుగుల పొడితో పప్పు, ఊరిబిండి (మా వైపు పచ్చడి). ఆ "అట" అన్నమాట కోడలిది, నేను పూర్తిగా నమ్మడం లేదు.

శిక్షణల్లో మేం కొలతలు చెబుతాం గానీ ఏ నెలకు ఆ కొలత అన్నది చెప్పం. పుస్తకంలో రెసిపీ ఎండ ఉన్న చోట నిలబడి రాసినది. ఇప్పుడు నవంబర్, డిసెంబర్ శిక్షణల్లో ఎండ మీద ఆధారపడే పద్ధతులు ఏవీ చేసి చూపించడం లేదు, గుజ్జు సీసాలు, గట్టి ఉప్పు జాడీ, నిమ్మకాయ ఊరగాయ మాత్రమే. నిమ్మకు తన పులుపే కాపలా, ఎండ కాస్త తక్కువైనా ఓర్చుకుంటుంది. స్కేలు లేకుండా ఏ ఇంటికీ వెళ్లడం లేదు. పెద్దవాళ్ల పిడికిలిని ముందు తూచి రాసుకుంటున్నాను, చాలాసార్లు అది మా పుస్తకం కంటే నిలకడగా ఉంటోంది.

ఇంకో మాట. చెడినదాన్ని పారబోసే ముందు ఒక్కసారి కూర్చుని చూడమని అందరికీ చెబుతున్నాను, సీసాల్లో పట్టిన కూరగాయలు తప్ప. బుడగలున్నాయా, బూజు పైనా లోపలా, వాసన పులుపా కుళ్లా. ఆ పది నిమిషాల్లో తేలే కారణాన్ని, చూడకుండా పారబోస్తే, ఇంట్లో ఎవరో ఒకరి మీదికి తోసేస్తారు.

ఈ ఇంట్లో తేలనిది అనపలు. పచ్చి కాయ పితికిపప్పుకు పోగా మిగిలినవి తీగ మీదే ఎండనిచ్చి, గింజ ఒలిచి దాచారు. ఉగాదికల్లా గింజ గింజకూ గుండ్రటి బెజ్జాలు. పెంకు పురుగు గుడ్లు చేలో ఉండగానే కాయ మీద పెడుతుంది, గింజతో పాటే ఇంట్లోకి వస్తుంది, కాబట్టి మామూలు డబ్బా మూత బిగించినంత మాత్రాన లాభం లేదు. ఈసారి ఒలిచిన గింజను మండే ఎండలో పలచగా పరిచి బాగా కాగనిచ్చి, చల్లారాక సగానికి పలచగా ఆముదం రాసి, మిగతా సగం అట్లాగే వదిలి, వేరువేరు డబ్బాల్లో పెట్టారు. రెండు డబ్బాలూ కోడలే నింపింది. డబ్బాల మీద తేదీ రాయడం కూడా.